డాక్యుమెంటేషన్ ఒకటి చెప్పి డేటాబేస్ మరొకటి చేసినప్పుడు తేల్చుకునే పద్ధతి

చిత్తూరు జిల్లాలో ఒక పాల సేకరణ కేంద్రానికి మీరు బిల్లుల ప్రోగ్రామ్ రాశారనుకుందాం. లీటరు 35.50 రూపాయల చొప్పున 7 లీటర్లు పోసిన రైతుకు 248.50 రూపాయలు రావాలి. పైసలు లేకుండా సరిచేయడానికి మీరు రౌండ్ ఫంక్షన్ వాడారు. రైతు చేతికిచ్చిన చీటీలో 249 అని వచ్చింది, నెలాఖరులో తీసిన పట్టికలో అదే రోజుకు 248 అని వచ్చింది. 3 లీటర్లు పోసిన మరొక రైతుకు చీటీలో 107, పట్టికలో 106. 5 లీటర్లు పోసిన రైతుకు మాత్రం రెండు చోట్లా 178 రూపాయలే ఉన్నాయి. డేటాబేస్ ఒకటే (పోస్ట్‌గ్రెస్), ఫంక్షన్ పేరు ఒకటే, సమీప పూర్ణాంకానికి సవరిస్తుందని డాక్యుమెంటేషన్‌లో మీరు చదివిన మాటా ఒకటే.

ఇలాంటప్పుడు కొందరు డాక్యుమెంటేషన్ తప్పని తీర్మానిస్తారు, కొందరు డేటాబేస్‌లో బగ్ ఉందంటారు, ఎక్కువమంది ఏదీ తేల్చకుండా విలువకు 0.01 కలిపి పట్టిక సరిపోయేలా చేసి ఆ పూటకు గట్టెక్కుతారు. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఆ సర్దుబాటు ఎందుకు చేశారో ఏడాది తర్వాత ఎవరికీ తెలియదు, దాన్ని తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. తిరుపతిలోనూ చిత్తూరులోనూ చిన్న సంస్థలకు సాఫ్ట్‌వేర్ రాసేవారికి పక్కన అడగడానికి డేటాబేస్ నిపుణులు ఉండరు. ఒకరిద్దరే ప్రోగ్రామ్ రాయాలి, సర్వర్ చూసుకోవాలి, ఫోన్‌లో వచ్చే ఫిర్యాదుకూ జవాబు చెప్పాలి. అలాంటివారు ఒంటరిగా కూర్చుని కూడా తేడాను చివరిదాకా తేల్చుకోగలిగేలా ఈ పద్ధతిని రాస్తున్నాను. డాక్యుమెంటేషన్‌లో రాసి ఉండి, మీ యంత్రం మీద పరీక్షలోనూ అలాగే కనిపించిన ప్రవర్తన మీదే ప్రోగ్రామ్‌ను నిలబెట్టాలన్నది ఇందులోని ప్రతి అంచె వెనుక ఉన్న నా నమ్మకం.

మీరు ఏం చదివారో, ఏం చూశారో ముందు రాసిపెట్టండి

ఏ క్వెరీనీ మార్చకముందే ఒక ఫైల్ తెరిచి, మీరు ఆధారపడిన డాక్యుమెంటేషన్ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు అందులో పెట్టండి. దాని కింద మీకు వచ్చిన ఫలితాన్ని, ఆ ఫలితం ఇచ్చిన క్వెరీని రాయండి. జ్ఞాపకం మీద ఆధారపడకండి. జ్ఞాపకంలో ఉన్న వాక్యం చాలాసార్లు ఇంకెవరో రాసిన పాఠంలోదో, వేరే డేటాబేస్‌దో అయి ఉంటుంది. వాక్యం తీసుకునేటప్పుడు దాని తర్వాతి పేరా, పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉన్న గమనిక, ఆ అధ్యాయం మొదట్లో అన్ని ఫంక్షన్లకూ వర్తిస్తుందని చెప్పిన నియమం కూడా చదవండి. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో రౌండ్ గురించిన వివరణ ‘సమీప పూర్ణాంకం’ దగ్గర ఆగిపోదు. న్యూమరిక్ రకానికి (దశాంశాలను కచ్చితంగా ఉంచేది) సరిగ్గా సగం వచ్చినప్పుడు సున్నాకు దూరంగా జరుపుతుందని, డబుల్ ప్రెసిషన్ రకానికి (సుమారు విలువను ఉంచేది) అది కంప్యూటర్ వ్యవస్థను బట్టి ఉంటుందని, సాధారణంగా దగ్గరి సరిసంఖ్యకు వెళుతుందని కూడా అక్కడే చెబుతుంది. మైఎస్‌క్యూఎల్ డాక్యుమెంటేషన్‌లో కూడా కచ్చితమైన సంఖ్యలకు ఒక నియమం, సుమారు సంఖ్యలకు మరో నియమం ఉన్నాయి.

పాల బిల్లుల చిక్కు ఇక్కడే విడిపోతుంది. చీటీ రాసే పట్టికలో మొత్తం న్యూమరిక్‌గా ఉంది, నెలాఖరు పట్టికకు ఆధారమైన కాలమ్ డబుల్ ప్రెసిషన్‌గా ఉంది. 248.50కి దగ్గరి సరిసంఖ్య 248, 106.50కి 106, 177.50కి 178. అందుకే 5 లీటర్ల రైతుకు తేడా రాలేదు. తేడా కొన్ని వరుసల్లో మాత్రమే కనిపించే చిక్కులు మనల్ని ఎక్కువగా తికమక పెడతాయి కాబట్టి, తేడా వచ్చిన వరుసలతోపాటు రాని వరుసలను కూడా ఫైల్‌లో చేర్చండి. కారణం దొరికిందని మీరు అనుకున్నప్పుడు ఆ కారణం రెండు రకాల వరుసలనూ వివరించగలగాలి.

ఏ డేటాబేస్, ఏ వెర్షన్ అన్నది డేటాబేస్‌నే అడగండి

మన ప్రాంతపు ఇంజనీరింగ్ విద్యార్థులు ఎక్కువగా జాంప్ (వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్ కలిసి వచ్చే ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేసుకుని ప్రాజెక్టులు చేస్తారు. దాని కంట్రోల్ ప్యానెల్‌లో మైఎస్‌క్యూఎల్ అని రాసి ఉంటుంది, కానీ 2015 నుంచి అందులో వస్తున్నది మరియాడీబీ. 2009లో మైఎస్‌క్యూఎల్ నుంచి చీలి వచ్చిన మరియాడీబీ మొదట్లో దాదాపు అచ్చంగా దానిలాగే ఉన్నా, ఆ తర్వాత రెండూ వేర్వేరు దారుల్లో పెరిగాయి. మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి జేసన్‌కు సొంత డేటా రకం ఉంది. మరియాడీబీలో జేసన్ అని రాసినా లోపల నిలిచేది లాంగ్‌టెక్స్ట్ రకం. మైఎస్‌క్యూఎల్ డాక్యుమెంటేషన్‌లో జేసన్ విలువలను తీసే బాణం గుర్తు చూసి జాంప్‌లో రాస్తే సింటాక్స్ లోపమని వస్తుంది. అక్కడ డాక్యుమెంటేషనూ తప్పు కాదు, సాఫ్ట్‌వేరూ తప్పు కాదు, ఒక ఉత్పత్తి గ్రంథాన్ని చదివి మరో ఉత్పత్తిని నడిపించాం.

అందువల్ల వెర్షన్ చెప్పే ఫంక్షన్‌ను సెలెక్ట్‌తో పిలిచి, వచ్చిన పూర్తి జవాబును ఫైల్‌లో పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లోనూ మైఎస్‌క్యూఎల్‌లోనూ ఆ ఫంక్షన్ పేరు వెర్షన్ అనే ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రెండు ఎట్ గుర్తుల తర్వాత వెర్షన్ అని రాయాలి. సర్వర్ వెర్షన్ తీసుకోండి, మీ కంప్యూటర్‌లోని క్లయింట్ వెర్షన్ కాదు. అలాగే అభివృద్ధి చేసే యంత్రంలోనూ, వాడుకలో ఉన్న సర్వర్‌లోనూ విడివిడిగా అడగండి. తిరుపతిలోని కార్యాలయంలో ల్యాప్‌టాప్‌కు కొత్త వెర్షన్, కస్టమర్ దగ్గర ఎప్పుడో పెట్టి వదిలేసిన సర్వర్‌కు పాత వెర్షన్ ఉండడం అరుదేమీ కాదు.

తర్వాత మీరు చదివిన డాక్యుమెంటేషన్ పుట ఏ వెర్షన్‌దో చూడండి. పోస్ట్‌గ్రెస్ ప్రతి పెద్ద వెర్షన్‌కూ వేరే డాక్యుమెంటేషన్ ప్రచురిస్తుంది, పుట పైభాగంలో వెర్షన్ల వరుస ఉంటుంది. గూగుల్ మిమ్మల్ని ఏ వెర్షన్ పుట మీదకు తీసుకెళ్తుందో ముందే చెప్పలేం. వెర్షన్ మారితే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2009 జూన్ 40 అనే లేని తేదీని టు డేట్ ఫంక్షన్‌కు ఇస్తే పోస్ట్‌గ్రెస్ 9.6 దాకా ఏ లోపమూ చూపకుండా 2009 జూలై 10 అని ఇచ్చేది, 10వ వెర్షన్ నుంచి లోపమని ఆగిపోతుంది. ఎక్స్‌ట్రాక్ట్ ఫంక్షన్ 13వ వెర్షన్ దాకా డబుల్ ప్రెసిషన్ ఇచ్చేది, 14 నుంచి న్యూమరిక్ ఇస్తుంది. ఈ మార్పులన్నీ ఆయా వెర్షన్ల విడుదల గమనికల్లో ఉంటాయి. ఫంక్షన్ వివరణ పుట ఇప్పటి స్థితిని మాత్రమే చెబుతుంది, విడుదల గమనికలు అది ఎప్పటినుంచి అలా ఉందో చెబుతాయి. తేడా తేల్చేటప్పుడు రెండోది మొదటిదానికంటే ఎక్కువ పనికివస్తుందని నా అనుభవం.

ప్రోగ్రామ్‌నూ పట్టికలనూ తీసేసి క్వెరీని కుదించండి

ఫలితం డేటాబేస్ నుంచి మీ కంటికి చేరేలోపు డ్రైవర్, ప్రోగ్రామింగ్ భాష, తెర మీద చూపే పరికరం అన్నీ దాన్ని తాకుతాయి. పీహెచ్‌పీమైఅడ్మిన్ పొడవైన పాఠాన్ని మామూలుగా 50 అక్షరాల వరకే చూపిస్తుంది, పూర్తి పాఠం కావాలని విడిగా అడగాలి. సీఎస్‌వీ ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిస్తే సంఖ్య ముందున్న సున్నాలు పోతాయి. కాబట్టి పరీక్షను కమాండ్ లైన్ క్లయింట్‌లోనే చేయండి, పోస్ట్‌గ్రెస్‌కు పీఎస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్‌కు దానితో వచ్చే సొంత క్లయింట్. అక్కడ తేడా మాయమైతే డేటాబేస్‌ను వదిలి డ్రైవర్‌నూ తెరనూ వెతకండి.

తేడా అక్కడ కూడా ఉంటే క్వెరీ నుంచి జాయిన్లు, షరతులు, పట్టిక ఒక్కొక్కటిగా తీసేస్తూ, చివరికి ఒక సెలెక్ట్, ఒక ఫంక్షన్, ఒక స్థిర విలువ మిగిలేదాకా రండి. ప్రతి తొలగింపు తర్వాతా తేడా ఇంకా ఉందో లేదో చూడండి. ఇక్కడ జాగ్రత్తగా ఉండవలసిన విషయం ఒకటుంది. పోస్ట్‌గ్రెస్‌లో మీరు 248.5 అని నేరుగా రాస్తే దాన్ని న్యూమరిక్‌గా తీసుకుంటుంది. మీ కాలమ్ డబుల్ ప్రెసిషన్ అయినప్పుడు, స్థిర విలువతో పరీక్షించి 249 వచ్చింది కదా, ఫంక్షన్ బాగానే ఉంది అనుకుంటే దారి తప్పినట్టే. మైఎస్‌క్యూఎల్‌లోనూ 2.5 అని రాస్తే కచ్చితమైన సంఖ్య, 25ఈ-1 అని ఘాత రూపంలో రాస్తే సుమారు సంఖ్య. మొదటిదానికి రౌండ్ 3 ఇస్తుంది, రెండోదానికి 2 ఇస్తుంది. అందువల్ల స్థిర విలువను కాలమ్ రకంలోకే క్యాస్ట్ చేసి (మార్చి) పరీక్షించండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ టైపాఫ్ అనే ఫంక్షన్ ఏ విలువది ఏ రకమో చెబుతుంది, దాన్ని ఫంక్షన్‌కు వెళ్లే విలువ మీదా, ఫంక్షన్ ఇచ్చిన ఫలితం మీదా వేసి చూడండి.

కుదించాక కూడా అర్థం కాకపోతే, పిలుపు అందుకున్నది మీరనుకున్న ఫంక్షనేనా అని అడగండి. పోస్ట్‌గ్రెస్‌లో డబుల్ ప్రెసిషన్ విలువను ఫలానా దశాంశ స్థానాలకు సవరించే రెండు ఆర్గ్యుమెంట్ల రౌండ్ లేదు, న్యూమరిక్‌కు మాత్రమే ఉంది. ఆ లోపం వచ్చినప్పుడు మీకంటే ముందు పనిచేసిన ఎవరో అదే పేరుతో ఒక ఫంక్షన్ రాసి పబ్లిక్ స్కీమాలో పెట్టి ఉండవచ్చు. అప్పుడు మీరు రాసిన పిలుపు నిశ్శబ్దంగా దానికే వెళుతుంది, దాని ప్రవర్తన గురించి పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో ఎంత వెతికినా దొరకదు. పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ డీఎఫ్ అని ఫంక్షన్ పేరు రాస్తే ఆ పేరుతో కనిపించేవన్నీ స్కీమాలతో, ఆర్గ్యుమెంట్ రకాలతో వస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో షో క్రియేట్ ఫంక్షన్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎస్‌పీ హెల్ప్‌టెక్స్ట్ కూడా ఇందుకు పనికివస్తాయి.

సెట్టింగులు చూడండి, అన్నిటికన్నా ముందు టైమ్ జోన్

ఒకే వెర్షన్, ఒకే క్వెరీ, అయినా రెండు యంత్రాల్లో రెండు ఫలితాలు వస్తే అది ఎక్కువగా సెట్టింగుల తేడానే. మైఎస్‌క్యూఎల్‌లో ఎస్‌క్యూఎల్ మోడ్ (తప్పు విలువలను ఎంత కఠినంగా చూడాలో చెప్పే సెట్టింగు) విలువను రెండు చోట్లా తీసి పోల్చండి. ఏదైనా ఫలితం అనుమానంగా అనిపించిన వెంటనే షో వార్నింగ్స్ అడగండి, ఎందుకంటే ఆ డేటాబేస్ చాలా సందర్భాల్లో లోపం చూపకుండా హెచ్చరిక మాత్రమే రాసుకుంటుంది.

గ్రూప్ కాన్‌క్యాట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఒక మండలంలోని ఊళ్ల పేర్లన్నీ కామాలతో కలిపి ఒక వరుసగా తీయాలనుకున్నారు. ఫంక్షన్ వివరణ ప్రకారం గుంపులోని విలువలన్నీ కలవాలి. కానీ మైఎస్‌క్యూఎల్‌లో ఆ ఫలితానికి మామూలుగా 1024 బైట్ల పరిమితి ఉంటుంది. తెలుగు లిపిలో ప్రతి యూనికోడ్ సంకేతానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు పడతాయి కాబట్టి దాదాపు 340 సంకేతాల దగ్గరే వరుస తెగిపోతుంది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించినప్పుడు మొత్తం వచ్చి, తెలుగు పేర్లు ఎక్కించాక చివరి ఊళ్లు మాయమయ్యేది ఇందుకే. మరియాడీబీలో 10.2 నుంచి ఈ పరిమితి చాలా పెద్దది. అందుకని జాంప్‌లో పనిచేసిన ప్రాజెక్టు, అసలైన మైఎస్‌క్యూఎల్ ఉన్న సర్వర్ మీదకు వెళ్లాక విరిగిపోతుంది. పరిమితి పేరు గ్రూప్ కాన్‌క్యాట్ మ్యాక్స్ లెన్, దాన్ని సెషన్‌లోనే పెంచుకోవచ్చు.

టైమ్ జోన్‌కు కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి, భారతీయ సమయంతో పనిచేసే ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు దీని దగ్గర ఆగిపోతారు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక సమయాన్ని రాసేటప్పుడు చివర +05:30 అని పెడితే అది గ్రీన్‌విచ్‌కు తూర్పున ఉన్న మన సమయమే. అయితే అదే +05:30ను కొటేషన్ గుర్తుల్లో పెట్టి ఎట్ టైమ్ జోన్ తర్వాత రాస్తే, పోసిక్స్ (యూనిక్స్ వ్యవస్థల ప్రమాణం) పద్ధతి ప్రకారం దాన్ని గ్రీన్‌విచ్‌కు పడమరగా తీసుకుంటుంది. యూటీసీ ఉదయం 6:30కి మనకు మధ్యాహ్నం 12:00 కావాలి, ఆ క్వెరీ ఇచ్చేది రాత్రి 1:00. తేడా కచ్చితంగా 11 గంటలు. ఇది బగ్ కాదు, పోసిక్స్ రూపంలో ధన గుర్తుకు పడమర అర్థమని డాక్యుమెంటేషన్ చెబుతుంది. కాకపోతే ఆ మాట టైమ్ జోన్ల గురించిన అధ్యాయంలో ఉంటుంది, మీరు చూస్తున్న ఫంక్షన్ల పుటలో కంటపడకపోవచ్చు. ఏషియా/కోల్‌కతా అనే పేరు వాడితే ఈ గొడవ ఉండదు. అంకెలే కావాలంటే ఇంటర్వల్ రకంలో 05:30 ఇవ్వండి, అది తూర్పుగానే లెక్కించబడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో చిక్కు మరో రకంగా ఉంటుంది. కన్వర్ట్ టీజెడ్‌కు +05:30 ఇస్తే సరిగ్గానే పనిచేస్తుంది. ఏషియా/కోల్‌కతా అని పేరు ఇస్తే మాత్రం, సర్వర్‌లో టైమ్ జోన్ పట్టికలు నింపి ఉండకపోతే, నల్ (విలువ లేదు అనే గుర్తు) వస్తుంది. ఒక డేటాబేస్‌లో క్షేమమైన రూపం మరొకదానిలో ప్రమాదకరం అవుతుంది కాబట్టి, ఒకచోట నేర్చిన అలవాటును పరీక్షించకుండా మరోచోటికి తీసుకుపోవద్దు.

పోస్ట్‌గ్రెస్ నౌ ఫంక్షన్ గురించి కూడా ఒక మాట. అది ట్రాన్సాక్షన్ మొదలైన సమయాన్ని ఇస్తుంది, ఆ ట్రాన్సాక్షన్ ఎంతసేపు సాగినా అదే విలువ ఇస్తుంది. గడియారం నడిచినట్టు కావాలంటే క్లాక్ టైమ్‌స్టాంప్ వాడాలి.

తెలుగు పాఠంతో పనిచేస్తే, ఫంక్షన్ దేన్ని లెక్కిస్తుందో చూడండి

‘చిత్తూరు’ను మనం చదివితే చి, త్తూ, రు అని మూడు. పోస్ట్‌గ్రెస్‌లో లెంగ్త్ ఫంక్షన్ 8 అంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో అదే పేరున్న ఫంక్షన్ 24 అంటుంది. మూడు జవాబులూ సరైనవే. పోస్ట్‌గ్రెస్ యూనికోడ్ సంకేతాలను లెక్కించింది, అందులో హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు ఒక్కొక్కటీ విడివిడిగా ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ బైట్లను లెక్కించింది, అక్కడ సంకేతాల లెక్క కావాలంటే క్యార్ లెంగ్త్ వాడాలి. కంటికి కనిపించే మూడును ఈ రెండు ఫంక్షన్లలో ఏదీ ఇవ్వదు.

దీని పర్యవసానాలు లెక్కతో ఆగవు. పోస్ట్‌గ్రెస్‌లో ఎడమ నుంచి మూడు తీయమని లెఫ్ట్‌ను అడిగితే ‘చిత’ వస్తుంది, నాలుగు అడిగితే ‘చిత్’ వస్తుంది. పేరు పొట్టిగా అచ్చు వేయడానికి ఈ ఫంక్షన్ వాడిన రసీదుల్లో ఊళ్ల పేర్లు వికృతంగా తెగడానికి కారణం ఇదే. ‘శ్రీకాళహస్తి’లో 12 సంకేతాలు, 36 బైట్లు ఉన్నాయి. ఒరాకిల్‌లో వార్‌చార్2కు 20 అని పొడవు ఇచ్చి, మామూలు సెట్టింగులో వదిలేస్తే అది 20 బైట్లు, కాబట్టి ఆ పేరు పట్టదు. మైఎస్‌క్యూఎల్‌లో వార్‌చార్ 20 అంటే 20 సంకేతాలు, అక్కడ హాయిగా పడుతుంది. ఇక కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా కీబోర్డు దాన్ని చొప్పిస్తుంది. అది ఉన్న మాటకూ లేని మాటకూ పొడవు వేరు, పోలిక కుదరకపోవచ్చు. కాబట్టి తెలుగు పేర్ల పోలికలో తేడా వస్తే ఫంక్షన్‌ను అనుమానించే ముందు ఆ రెండు పేర్లనూ హెక్స్ రూపంలో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పరీక్షకు పట్టేది నిమిషం, అది ఆదా చేసేది ఒక పూట.

జవాబు ముందే రాసి, ఆ తర్వాత నడిపించండి

ఇప్పుడు మీ దగ్గర చిన్న క్వెరీ, వెర్షన్, సెట్టింగులు ఉన్నాయి. ఆ ఫంక్షన్‌కు ఇవ్వదగిన విలువల జాబితా ఒకటి తయారుచేసి, ప్రతి విలువ పక్కన డాక్యుమెంటేషన్ ప్రకారం ఏం రావాలో రాయండి. డాక్యుమెంటేషన్ ఏమీ చెప్పకపోతే ‘చెప్పలేదు’ అని రాయండి. ఆ తర్వాతే క్వెరీని నడిపించి వచ్చిన ఫలితాన్ని మూడో గడిలో రాయండి. ఈ వరుస మారకూడదు. ఫలితం చూశాక డాక్యుమెంటేషన్ చదివితే, ఆ వాక్యంలో ఆ ఫలితానికి సరిపోయే అర్థం మనసు వెతికేస్తుంది.

విలువలు ఎంచుకోవడంలోనే పరీక్ష బలం ఉంటుంది. నల్ తప్పకుండా ఉండాలి. ఉదయం పోసిన పాలు, సాయంత్రం పోసిన పాలు రెండు కాలమ్‌లుగా ఉండి, వాటిలో పెద్దదాన్ని గ్రేటెస్ట్‌తో తీస్తున్నారనుకోండి. సాయంత్రం రాని రైతుకు ఆ కాలమ్ నల్. పోస్ట్‌గ్రెస్ నల్‌ను పట్టించుకోకుండా ఉదయపు లెక్క ఇస్తుంది, మైఎస్‌క్యూఎల్ నల్ ఇస్తుంది. కాన్‌క్యాట్‌లోనూ ఇదే వైరుధ్యం ఉంటుంది. ఖాళీ స్ట్రింగ్ పెట్టండి, ఒరాకిల్ దాన్ని నల్‌గానే చూస్తుంది. సున్నా, రుణ సంఖ్య, సరిగ్గా సగం వచ్చే సంఖ్య, ఫిబ్రవరి 29, నెల చివరి రోజు, చాలా పొడవైన పాఠం, తెలుగు పాఠం ఉండాలి. సబ్‌స్ట్రింగ్ వంటి ఫంక్షన్లకు మొదలుపెట్టే స్థానంగా సున్నా, రుణ సంఖ్య ఇచ్చి చూడండి. మైఎస్‌క్యూఎల్ రుణ సంఖ్యను చివర నుంచి లెక్కిస్తుంది, సున్నా ఇస్తే ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ స్ట్రింగ్ మొదటికంటే ముందున్న ఊహాస్థానంగా తీసుకుంటుంది.

తేదీల విషయంలో మన ప్రాంతంవారికి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి, జిల్లాలవారీ లెక్కలు తీసే ప్రోగ్రాముల్లో 04-04-2022 అనే తేదీని పరీక్షకు వాడాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. రోజు, నెల తారుమారయ్యాయో లేదో ఆ తేదీ ఎన్నటికీ చెప్పదు, ఎటు చదివినా అదే తేదీ. దాని పక్కన 03-04-2022, 25-04-2022 కూడా పెట్టండి. మొదటిది తారుమారైతే మార్చి 4 అవుతుంది, రెండోది లోపం చూపాలి లేదా నల్ కావాలి.

తప్పు ఎక్కడుందో నిర్ణయించండి

పట్టికలో రెండో గడి, మూడో గడి కలవని వరుసలు మిగిలితే వాటికి కారణం నాలుగింటిలో ఒకటి అవుతుంది. మన చదువు పొరపాటు కావచ్చు. డాక్యుమెంటేషన్ ఆ సందర్భం గురించి మాట్లాడకుండా వదిలేసి ఉండవచ్చు, లేదా మాట్లాడి తప్పు చెప్పి ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్‌లోనే బగ్ ఉండవచ్చు. పై అంచెలన్నీ దాటేసరికి చాలా తేడాలు మొదటి రకంగానో రెండో రకంగానో తేలిపోతాయి. అంతమాత్రాన మీ శ్రమ వృథా కాదు. ఒక వాక్యం నలుగురు చదువరులను ఒకే తప్పు దారి పట్టిస్తే ఆ వాక్యాన్ని మార్చవలసిందే.

చివరి రెండు రకాల మధ్య తేడా చెప్పడానికి, సాఫ్ట్‌వేర్ రాసినవారి ఉద్దేశం ఏమిటో ఆధారాలు వెతకాలి. విడుదల గమనికల తర్వాత నేను సూచించేది సోర్స్‌తో వచ్చే పరీక్షలు. పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లో రిగ్రెస్ అనే ఫోల్డర్ ఉంది, అందులో క్వెరీలు ఒకచోట, వాటికి రావలసిన ఫలితాలు మరోచోట ఉంటాయి. సీ భాష రాకపోయినా ఎస్‌క్యూఎల్ వచ్చినవారెవరైనా వాటిని చదవగలరు. మీరు చూసిన ప్రవర్తనే అక్కడ రావలసిన ఫలితంగా ఉంటే, అది ఉద్దేశించినదే, డాక్యుమెంటేషన్‌ను మార్చాలి. వేరే డేటాబేస్ ఇచ్చే ఫలితాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోవద్దు, గ్రేటెస్ట్ ఉదాహరణలో చూసినట్టు ఇద్దరూ ఎవరి డాక్యుమెంటేషన్‌కు వారు కట్టుబడి వేర్వేరుగా ఉండవచ్చు.

బగ్ అని తేలినంత మాత్రాన సాఫ్ట్‌వేరే మారుతుందని లేదు. టు డేట్ విషయంలో పోస్ట్‌గ్రెస్ ప్రవర్తనను సరిదిద్దింది. ఎస్‌క్యూలైట్‌లో ప్రైమరీ కీ కాలమ్‌లో, అది ఇంటిజర్ ప్రైమరీ కీ కాకపోతే, నల్ విలువలు పడతాయి. తొలి వెర్షన్ల బగ్ వల్ల అలా జరిగిందని, పాత ప్రోగ్రాములు చెడకుండా ఉండడానికి అలాగే ఉంచామని ఆ డాక్యుమెంటేషన్ నిజాయితీగా చెబుతుంది. అలాంటిచోట నాట్ నల్ అని మీరే రాసుకోవాలి. మైఎస్‌క్యూఎల్ 8.0.16కు ముందు చెక్ నిబంధనను చదివి, ఏమీ అనకుండా పక్కన పడేసేది. పాత సర్వర్ల మీద పనిచేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రోగ్రామ్‌ను సరిచేసి, కాపలా పరీక్ష పెట్టండి

మొదట మూలం దగ్గర సరిచేయండి. డబ్బు విలువలు నిలిచే కాలమ్‌లను న్యూమరిక్ రకంలోకి మార్చాలి, ప్రతి క్వెరీలో క్యాస్ట్ అతికించడం తాత్కాలికమే. మార్చలేని పరిస్థితి ఉంటే ఆ సవరణ అంతా ఒకే ఫంక్షన్‌లోనో ఒకే వ్యూలోనో పెట్టి, మిగతా ప్రోగ్రామ్ అంతా దాన్నే పిలిచేలా చేయండి. మీ సొంత ఫంక్షన్‌కు డేటాబేస్ ఫంక్షన్ పేరే పెట్టవద్దు. పై కామెంట్‌లో డాక్యుమెంటేషన్ వాక్యం, మీరు చూసిన ఫలితం, వెర్షన్, మీ నిర్ణయం రాయండి. తర్వాత చదివేవారు తెలుగువారే అయితే తెలుగులోనే రాయండి.

మీరు తయారుచేసిన విలువల పట్టికనే పరీక్షగా మార్చి ప్రాజెక్టులో ఉంచండి. సర్వర్ వెర్షన్ మార్చే ముందు కొత్త వెర్షన్ మీద ఆ పరీక్షలు నడపాలి. ఎక్స్‌ట్రాక్ట్ రకం మారడం వంటి మార్పులు అక్కడే బయటపడాలి.

ఇప్పటికే నిలిచిపోయిన పాత విలువలు సున్నితమైన విషయం. రైతు చేతిలో చీటీ ఉంది, పట్టిక ప్రకారం డబ్బు చేతికి అందింది. ఏది సరైనదిగా తీసుకోవాలో, తేడా ఎలా చెల్లించాలో నిర్ణయించే అధికారం ప్రోగ్రామర్‌ది కాదు. తేడా వచ్చిన వరుసలన్నీ తీసి, పాత విలువ, సరైన విలువ రెండూ చూపిస్తూ కేంద్రం బాధ్యుల ముందు పెట్టండి. వారు చెప్పాక కూడా పాత విలువను చెరిపేయకుండా వేరే కాలమ్‌లో ఉంచండి. రూపాయి తేడానే కదా అని ఈ పని దాటవేయవద్దు, ఆ రూపాయి మీది కాదు.

తెలియజేయండి

డాక్యుమెంటేషన్ లోపమైనా బగ్ అయినా రాసినవారికి చెప్పండి. చెప్పే ముందు, మీ పెద్ద వెర్షన్‌కు వచ్చిన తాజా చిన్న విడుదల మీద మరోసారి పరీక్షించండి, ఇప్పటికే సరిచేసి ఉండవచ్చు. అదే విషయాన్ని ఇంకెవరైనా చెప్పారేమో వెతకండి. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ పుటల అడుగున సవరణ పంపే లింక్ ఉంటుంది. పుటలోని మాట మీ అనుభవంతో సరిపోకపోతే చెప్పమని అక్కడే రాసి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ బగ్‌ల వ్యవస్థలో డాక్యుమెంటేషన్‌కు ప్రత్యేక విభాగం ఉంది. భద్రతకు ముప్పు తెచ్చే లోపమైతే బహిరంగంగా రాయవద్దు, అందుకు ప్రతి ఉత్పత్తికీ వేరే చిరునామా ఉంటుంది.

రాతలో వెర్షన్ పూర్తి పాఠం, ఆపరేటింగ్ సిస్టమ్, సంబంధిత సెట్టింగులు, డాక్యుమెంటేషన్ వాక్యం, ఒక్క క్వెరీ, రావలసినది, వచ్చినది ఉంటే చాలు. ఇంగ్లిష్ సరళంగా ఉన్నా ఫరవాలేదు, క్వెరీని అతికించి నడిపిస్తే వారి తెర మీద కూడా అదే కనిపించాలి, అది ముఖ్యం. వాక్యం ఎలా మారిస్తే బాగుంటుందో మీరే రాసి సూచించండి. కస్టమర్ డేటాబేస్ నుంచి వరుసలను అలాగే తీసి పంపవద్దు. రైతుల పేర్లు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు ఒక్కటి కూడా బయటికి వెళ్లకూడదు, కల్పిత విలువలతోనే తేడా చూపండి. తెలుగు పాఠానికి సంబంధించిన తేడా అయితే ఆ పాఠంతోపాటు దాని యూనికోడ్ సంకేతాల వరుస కూడా ఇవ్వండి, చదివేవారి యంత్రంలో తెలుగు ఫాంట్ లేకపోవచ్చు.

జవాబు వచ్చాక దాన్ని మీ ఫైల్‌లో, కోడ్ కామెంట్‌లో చేర్చండి. సవరణ ఏ వెర్షన్‌లో వస్తుందో చెబితే ఆ సంఖ్య రాసిపెట్టి, ఆ వెర్షన్ మీ సర్వర్‌లోకి వచ్చి కాపలా పరీక్ష దాని మీద నెగ్గిన తర్వాతే మీరు పెట్టిన సర్దుబాటును తీసేయండి.